లేజరు కొట్టిస్తే ముఖంపై గుంటలు పోతాయా?

"ఏమయ్యా, పేపరాయనవు కదా, నీకు తెలిసే ఉంటుంది. గుంటూరులో లేజరు కొట్టిస్తే మొటిమల గుంటలు పోయి ముఖం నున్నగా అవుతుందటగా?"

ప్రత్తిపాడు దాపున ఒక పల్లెలో, మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె కూతురు పక్కనే కూర్చుని ఉంది. డిగ్రీ చదివిన పిల్ల. పదహారో ఏట మొదలైన మొటిమలు నాలుగేళ్లు పీడించి పోతూ పోతూ రెండు బుగ్గల మీదా గుంటలు మిగిల్చిపోయాయి. ఫాల్గుణంలో పెళ్లి ముహూర్తం పెట్టుకున్నారు. ఇంకా నెలన్నర ఉంది. సెల్‌ఫోనులో ఎవరో చూపించిన ప్రకటనలో ఒక పక్క గుంటల ముఖం, మరో పక్క అద్దంలాంటి ముఖం. "గంటలో పని పూర్తి, మర్నాడే ఉద్యోగానికి వెళ్లవచ్చు" అని కింద రాసి ఉంది. మిరపకాయలు అమ్మిన డబ్బు రాగానే పిల్లను తీసుకెళదామని ఆ తల్లి ఆలోచన.

ఇలా అడిగేవారు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సినిమావాళ్లకూ పట్నవాసులకూ మాత్రమే అనుకున్న ఈ చికిత్స జిల్లా కేంద్రాల దాకా వచ్చేసింది. అందుకని అసలు ఆ యంత్రం ఏం చేస్తుంది, చేయించుకున్న తర్వాత ముఖం ఎలా ఉంటుంది, ఎన్నాళ్లు పడుతుంది అన్నది తెలుసుకునే డబ్బు తీయడం మంచిది. ప్రకటనలో చెప్పిన గంట యంత్రం పని చేసే గంట మాత్రమే. చర్మం పని ఆ తర్వాత మొదలవుతుంది. అది నెలల తరబడి సాగుతుంది. అన్నాళ్లూ ముఖాన్ని ఎండకు చూపకుండా కాచుకునే పని మాత్రం మనదే. చేనుపని చేసుకునేవారికి అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కాల్చి మాన్పించడమే

లేజరు అంటే మందు కాదు, కరెంటు షాకూ కాదు. ఒకే రకం వెలుతురును ఒకే దిక్కుకు కూడగట్టి, సూదిమొనలాంటి కిరణంగా వదిలే సాధనం. ఇలాంటి వెలుతురుకు మూలమైన సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లోనే చెప్పాడు. 1960లో అమెరికాలో మెయిమన్ అనే శాస్త్రజ్ఞుడు మొదటి లేజరును వెలిగించాడు. చర్మం గుంటలకు ఇవాళ ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనిపెట్టిన వాడు మాత్రం మన దేశంవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లిన కుమార్ పటేల్ బెల్ ప్రయోగశాలలో ఉండగా దాన్ని తయారు చేశాడు.

ఈ కిరణం కంటికి కనిపించదు. నీరు ఎక్కడ ఉంటే అక్కడ ఇంకిపోవడం దీని గుణం. మన చర్మంలో ఉండేది ఎక్కువగా నీరే కనుక, కిరణం తగిలిన చోట ఆ నీరు రెప్పపాటులో మరిగి, అక్కడి చర్మం ఆవిరైపోతుంది. దాని చుట్టూ ఉన్న చర్మం కొంత కాగుతుంది. అంటే డాక్టరు చేసేది, కొలత ప్రకారం చేసిన కాలిన గాయమే. వినడానికి ఇబ్బందిగా ఉన్నా అసలు సంగతి ఇది. ఆ గాయం మానేటప్పుడు చర్మం అడుగుపొరలో కొలాజెన్ అనే కొత్త పీచుపదార్థం పుడుతుంది. అది కింద నుంచి ఊరుతూ గుంటను కొంత పూడుస్తుంది. ఎగుడుదిగుడు పొలాన్ని చదును చేయాలంటే గట్టు చెక్కడం ఒకటే చాలదు, పల్లంలోకి మట్టి కూడా తోలాలి గదా. పైన చెక్కేది లేజరు, కింద మట్టి తోలేది మన ఒళ్లు.

1990ల నడుమ ఈ చికిత్స మొదలైనప్పుడు ముఖం మొత్తం పైపొరను ఒకేసారి లేపేసేవారు. రెండు వారాలు పచ్చి పుండులా ఉండేది. ఎరుపు నెలల తరబడి పోయేది కాదు. తెల్లవారి చర్మానికి అది బాగానే ఉపయోగపడింది కానీ చామనచాయ, నలుపు ముఖాలకు మచ్చలు తెచ్చిపెట్టింది. 2004లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మాన్‌స్టీన్, ఆండర్సన్ బృందం వేరే దారి చెప్పింది. ముఖమంతా కాల్చనక్కరలేదు, వెంట్రుకంత సన్నని రంధ్రాలను దగ్గర దగ్గరగా వేసి, నడుమ మంచి చర్మాన్ని అలాగే ఉంచితే చాలునని వారు తేల్చారు. మిరపచేనుకు అచ్చు తోలి, మొక్క పెట్టే చోట మాత్రమే గుంట తీస్తాం. మిగిలిన నేలను కదపం. ఇదీ అంతే. చుట్టూ ఉన్న మంచి చర్మం ఆ రంధ్రాలను త్వరగా మూసేస్తుంది. పుండు రెండు వారాలకు బదులు వారంలో మానుతుంది. దీన్నే డాక్టర్లు ఫ్రాక్షనల్ లేజరు అంటున్నారు. ఇప్పుడు మన ప్రాంతంలో గుంటల కోసం చేసేది దాదాపుగా ఇదే.

ఇందులో ఎర్బియం అని మరో రకం ఉంది. అది తక్కువ వేడితో పైపొరను లేపుతుంది. పైపొరను అసలు లేపకుండా లోపలి పొరను మాత్రమే వేడిచేసే రకాలూ ఉన్నాయి. వాటికి రెండు మూడు రోజుల ఎరుపుతో సరిపోతుంది కానీ ఫలితం నెమ్మది, ఎక్కువసార్లు వెళ్లాలి. ప్రకటనల్లో "మర్నాడే ఉద్యోగానికి" అన్న మాట ఈ రెండో రకానిది. పక్కన వేసే బొమ్మ మాత్రం మొదటి రకానిది. ఈ తిరకాసు గమనించాలి.

మన రంగుకు మరో లెక్క

నూనె చిట్లి చేతిమీద పడితే పుండు వారంలో మానుతుంది, నల్లమచ్చ మాత్రం ఏడాది ఉంటుంది. దోమ కుట్టిన చోట గోకితే పిల్లల కాళ్ల మీద నల్లని చుక్కలు మిగులుతాయి. మన చర్మం తీరే అంత. గాయం తగిలితే రంగును ఎక్కువగా ఊరుస్తుంది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా డాక్టరు చర్మాన్ని, ఎండకు అది కందే తీరును బట్టి ఆరు రకాలుగా విభజించే పద్ధతికి నాంది పలికాడు. మన తెలుగువారిలో ఎక్కువమంది అందులో నాలుగు, ఐదు రకాల కిందికి వస్తారు. అటువంటి చర్మానికి లేజరు దెబ్బ తగిలినప్పుడు, గుంట తగ్గినా ఆ చోట నలుపు దిగే ప్రమాదం తెల్లవారి కంటే చాలా ఎక్కువ.

అందువల్ల తెలిసిన డాక్టరు మన ముఖానికి యంత్రం తీవ్రత తగ్గిస్తాడు. రంధ్రాలను కొంచెం దూరం దూరంగా వేస్తాడు. ఒకసారికి బదులు మూడు నాలుగు సార్లు రమ్మంటాడు. "ఎన్నిసార్లు తిప్పుతాడో" అని విసుక్కుంటాం కానీ మనకు అదే మేలు. ఒక్కసారితో అంతా పోగొడతామని చెప్పేవారి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. యంత్రంతోపాటు వచ్చిన పుస్తకంలో తెల్లవారి చర్మానికి రాసిన లెక్కను మన ముఖంపై వాడితే కాలిన మచ్చలు మిగులుతాయి. చెవి ముందు గానీ, దవడ కింద గానీ చిన్న చోట ముందు చేసి, కొన్ని వారాలు ఆగి చూసి, తర్వాత ముఖమంతా చేసే డాక్టర్లు ఉన్నారు. అలా చేయమని మనం అడగడంలో తప్పులేదు.

నల్లమచ్చలు లేజరు చేసిన వెంటనే కనిపించవు. పుండు మానింది, ఎరుపు తగ్గింది, బాగుంది అనుకుంటుండగా మూడు నాలుగు వారాలకు దిగుతాయి. ఎక్కువభాగం పూతమందులతో కొన్ని నెలల్లో పోతాయి. పెళ్లికి నెలన్నర ముందు చేయించుకుంటే సరిగ్గా పెళ్లి పీటల మీద కూర్చునే నాటికి ముఖం మునుపటి కంటే నల్లగా ఉండవచ్చునన్న మాట. ఆ తల్లికి ఈ సంగతి చెప్పగానే ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

ఏ మచ్చకు పనికివస్తుంది?

మొటిమల గుంటలన్నీ ఒకటి కావు. కొన్ని వెడల్పుగా, అంచులు నిలువుగా కోసినట్టు ఉంటాయి. కొన్ని అలల్లా పల్లంగా ఉంటాయి. కొన్ని సూదితో గుచ్చినట్టు సన్నగా, లోతుగా దిగి ఉంటాయి. వెడల్పు గుంటలకు లేజరు బాగా పనిచేస్తుంది. సూదిరంధ్రాల వంటి లోతు గుంటలకు లేజరు ఒక్కటే చాలదు. వాటిలో గాఢమైన ఆమ్లాన్ని చుక్కగా పెట్టి మూసుకునేలా చేస్తారు. అలల గుంటలను కింద నుంచి పట్టి లాగుతున్న పీచును సూదితో తెంపుతారు. చాలామందికి ఈ మూడూ కలిపి చేయవలసి వస్తుంది. కనుక ఒక పనికి డబ్బు కట్టించుకుని మిగిలిన మాట తర్వాత చెప్పేవారి కంటే మొదటి రోజే మొత్తం చెప్పేవారిని వెతుక్కోవాలి.

ఆటలమ్మ పోసి మానిన గుంటలకూ ఇదే చికిత్స ఉపయోగపడుతుంది. పెద్దల ముఖాలపై ఉన్న పెద్దమ్మవారి మచ్చల సంగతి వేరు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది. ఆ మచ్చలున్నవారు ఇప్పుడు యాభై దాటినవారే. "ఈ వయసులో నాకెందుకయ్యా లేజరు" అని వారే నవ్వేస్తారు. కాలిన మచ్చలు, దెబ్బ తగిలి కుట్లు వేసిన మచ్చలు కూడా కొంత మెత్తబడి చదునవుతాయి. పూర్తిగా చెరిగిపోవు.

బుగ్గలపైన, ముక్కుపైన గోధుమరంగులో పరచుకునే మంగుమచ్చలకు మాత్రం ఈ లేజరు జోలికి పోరాదు. వేడి తగిలి మంగు ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. గుంట లేకుండా ఉత్త నల్లచుక్కలే మిగిలినవారికి లేజరు దాకా వెళ్లనక్కరలేదు. ఎండ నుంచి కాపాడుకుని, డాక్టరు రాసిన పూతమందు వాడితే నెలల్లో తగ్గుతాయి. మొటిమలు ఇంకా వస్తూనే ఉంటే ముందు అవి ఆగాలి. దెబ్బ తగిలిన చోటల్లా కండ ఉబికి గట్టిపడే తత్వం ఉన్నవారు, బొల్లి పెరుగుతున్నవారు చేయించుకోకూడదు. గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగాలి.

ట్యూబు చేసే చేటు

ఇక్కడ ఒక సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన ఊళ్లలో మొటిమ వచ్చినా, మంగు వచ్చినా, రంగు తక్కువ అనిపించినా ముందుగా వెళ్లేది మందుల దుకాణానికి. అక్కడ ఒక చిన్న ట్యూబు ఇస్తారు. రాసిన వారంలోనే ముఖం తెల్లబడి నిగనిగలాడుతుంది. మొటిమలు అణగిపోతాయి. ఇక దాన్ని వదలరు. అక్క రాసుకుంటే చెల్లెలు రాసుకుంటుంది. ఎదురింటామె కూడా పేరు అడిగి తెప్పించుకుంటుంది.

అటువంటి ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద సన్నని అక్షరాల్లో ఉంటాయి. ఇవి చెడ్డ మందులు కావు. గజ్జి తామరల తేడా తెలిసిన డాక్టరు, ఫలానా జబ్బుకు ఫలానా చోట కొన్నాళ్లు రాయమంటే మేలు చేస్తాయి. ముఖానికి నెలల తరబడి రాస్తే మాత్రం చర్మం ఉల్లిపొరలా పలుచబడుతుంది. సన్నని ఎర్రని నరాలు బయటికి కనిపిస్తాయి. ఆడపిల్లల బుగ్గలపై నూగు పెరుగుతుంది. ఎండలోకి వెళితే భగ్గున మండుతుంది. మానేద్దామంటే రెండు రోజుల్లో ముఖం ఎర్రబడి, మొటిమలు గుంపులుగా లేస్తాయి. దాంతో భయపడి మళ్లీ రాస్తారు. తాగుడుకు అలవాటు పడినవాడి పరిస్థితి లాంటిదే ఇదీ. ఈ జబ్బు మన దేశంలో ఎంతగా పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడు పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. చీటీ అడిగే దుకాణాలు ఎన్ని ఉన్నాయో పాఠకులకే తెలుసు.

అలా పలుచబడిన ముఖం మీద లేజరు కిరణం పడితే పుండు త్వరగా మానదు. నలుపు, ఎరుపు రెండూ మిగలవచ్చు. కాబట్టి డాక్టరు అడిగినప్పుడు "ఏమీ రాయలేదండీ" అని దాచడం మన ముఖానికి మనం చేసుకునే చేటు. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లి బల్లమీద పెట్టడం అన్నిటికంటే మంచి పద్ధతి. మాన్పించవలసినవాటిని డాక్టరే నెమ్మదిగా మాన్పిస్తారు. ఒక్కసారిగా మనంతట మనం ఆపకూడదు.

మరి రెండు సంగతులూ చెప్పాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే గొట్టంబిళ్లలు వాడుతున్నా, ఈ మధ్యే వాడి ఆపినా చెప్పాలి. ఎంతకాలం ఆగాలో డాక్టరు నిర్ణయిస్తారు. జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి అంచున పొక్కులు లేచే అలవాటు ఉంటే అదీ చెప్పాలి. ఆ క్రిమి లోపల నిద్రపోతూ ఉంటుంది. లేజరు వేడికి లేచి ముఖమంతా పాకే ప్రమాదం ఉంది కనుక ముందుగానే మాత్రలు ఇస్తారు.

ఆ రోజు ఏమవుతుంది?

ముందు ముఖం కడిగించి, మత్తుపూత రాస్తారు. అది ఎక్కడానికి ముప్పావుగంట, గంట పడుతుంది. కళ్ల మీద గట్టి కవచాలు పెడతారు. ఇది తప్పనిసరి. గదిలో ఉన్న ప్రతివారికీ కళ్లద్దాలు ఉండాలి. తోడు వచ్చినవారు బయటే కూర్చోవడం మంచిది. ఆ తర్వాత యంత్రం టిక్కుటిక్కుమంటూ ముఖంపై నడుస్తుంది. మత్తు ఉన్నా, తాలింపులో ఆవాలు చిట్లి తగిలినట్టు చురుకుచురుకుమంటుంది. వెంట్రుకలు కమిలిన వాసన వస్తుంది. చాలామంది ఆ వాసనకే భయపడతారు. ఇరవై నిమిషాల నుంచి అరగంటలో పని అయిపోతుంది.

మత్తు దిగాక రెండు మూడు గంటలు ఎండలో కాలినట్టు మండుతుంది. చల్లని తడిగుడ్డ వేస్తారు. మొదటి రెండు రోజులు ముఖం, ముఖ్యంగా కళ్ల కింద, వాస్తుంది. కొద్దిగా రసి కారవచ్చు. మూడో రోజుకు చర్మం బిగుసుకుని గోధుమరంగు పొక్కు కడుతుంది. చేయి పెడితే గరుకుకాగితంలా తగులుతుంది. ఐదో రోజు నుంచి ఆ పొక్కు తవుడులా రాలుతుంది. వారం తిరిగేసరికి కింద లేతగులాబీ రంగు చర్మం బయటపడుతుంది. ఈ ఎరుపు తగ్గడానికి మరికొన్ని వారాలు పడుతుంది. పొక్కు దురదపెడుతుంది. గోటితో లాగితే లాగినచోట మచ్చ ఖాయం.

ఈ వారం రోజులూ చేయవలసింది తక్కువే. చల్లని మంచినీళ్లతో మెల్లగా కడగడం, రుద్దకుండా అద్దడం, డాక్టరు ఇచ్చిన పూత గానీ ఉత్త వాజిలైను గానీ పలుచగా రాసి చర్మం ఎండకుండా చూడడం. అంతకు మించి పసుపు, నిమ్మరసం, శనగపిండి, కలబంద, పేస్టు, పెద్దలు చెప్పిన ఆకుపసరు ఏవీ రాయకూడదు. మంచివా చెడ్డవా అని కాదు, పచ్చిపుండు మీద పెట్టేవి కావు. మగవారు గడ్డం గీసుకోవడం ఆపాలి. మూడు నాలుగు రోజుల తర్వాత తగ్గవలసిన నొప్పి పెరిగినా, చీము పట్టినా, పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లి చూపించుకోవాలి. మళ్లీ రమ్మన్న తేదీ దాకా ఆగకూడదు.

మన పల్లెటూళ్లలో చిక్కు ఈ తర్వాతే. కల్లంలో మిరపకాయ కదిలిస్తే లేచే ఘాటుకు మామూలు ముఖమే మండిపోతుంది. పచ్చి ముఖంతో కల్లం దాపులకు కూడా వెళ్లకూడదు. నూర్పిడి దుమ్ము, పురుగుమందు చల్లడం, పొయ్యి సెగ అంతే. ఇక ఎండ సంగతి. పొక్కు రాలిన రోజు నుంచి కనీసం మూడు నెలలపాటు ముఖానికి నేరుగా ఎండ తగలకుండా చూసుకోవాలి. చీర కొంగు ముసుగు వేసుకున్నంత మాత్రాన చాలదు, పలుచని బట్టలోంచి ఎండ దూరుతుంది. ఎండ నుంచి కాపాడే క్రీము 30, అంతకు మించిన అంకె ఉన్నది చూసి తెచ్చుకోవాలి. బొట్టంత రాస్తే దండుగ. చూపుడు వేలు, నడిమి వేలు రెండింటి పొడవునా పిండుకున్నంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమటకు కారిపోతే అప్పుడే రాయాలి. పైన వెడల్పు అంచు టోపీ గానీ, గొడుగు గానీ. మబ్బు పట్టిన రోజైనా ఇంతే, మబ్బుల్లోంచి కూడా ఆ కిరణాలు దిగుతాయి. నెలకు ఆ క్రీముకయ్యే ఖర్చును కూడా లేజరు ఖర్చులో కలిపి లెక్కవేసుకోవాలి. ఎవరూ చెప్పరు కానీ అది తక్కువేమీ కాదు.

రోజుకూలికి ఎండలో పనిచేయక తప్పనివారు మూడు నెలలు నీడపట్టున ఎలా ఉంటారు? ఉండలేరు. అలాంటివారికి లేజరు చేయడం కంటే చేయకపోవడమే మేలని ఈ విలేకరి అభిప్రాయం. సన్నని సూదులున్న పరికరంతో చర్మాన్ని గుచ్చి కొలాజెన్‌ను పుట్టించే పద్ధతి ఒకటి ఉంది. వేడి ఉండదు కనుక నల్లమచ్చల భయం తక్కువ. సాధారణంగా ఖర్చూ తక్కువే. లేజరు అని వెళ్లినా, దాని గురించీ అడగాలి. చదువుకునే పిల్లలు, కుట్టుపని చేసుకునేవారు, దుకాణంలో కూర్చునేవారు లేజరు చేయించుకోదలిస్తే రోహిణి కార్తె ఎండలు దాటిన తర్వాత మొదలుపెట్టడం నయం.

ఎంత తగ్గుతుంది?

పుండు మానగానే ఫలితం కనపడదు. వాపు ఉన్నన్ని రోజులు గుంటలు పూడినట్టు కనిపించి, వాపు దిగగానే మళ్లీ తేలతాయి. "డబ్బు పోయింది" అని చాలామంది గుండెలు బాదుకునేది అప్పుడే. కొత్త పీచు ఊరడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నెల, రెండు నెలల ఎడంతో మూడు నాలుగుసార్లు చేస్తారు. అంటే మొదలుపెట్టిన రోజు నుంచి ముఖం కుదుటపడేసరికి ఏడాది దగ్గరకు వస్తుంది. అప్పటికి గుంటలు సగం తగ్గితే మంచి ఫలితం కిందే లెక్క. నూటికి నూరు పోగొడతామనేవారు అబద్ధం ఆడుతున్నారనే అనుకోవాలి. పక్కవెలుతురులో చూస్తే గుంటలు ఇంకా తెలుస్తాయి. ఎదురుగా చూసేవారి కంటికి మాత్రం అంతగా తట్టవు.

ఒక్కోసారికి ఖర్చు వేల రూపాయల్లో ఉంటుంది. ఒకే ఊళ్లో ఒక్కో చోట ఒక్కో ధర. నాలుగుసార్లకు కలిపి ఒకేసారి కట్టించుకునే "ప్యాకేజీ"లు చౌకగా కనిపిస్తాయి కానీ మొదటిసారికే నల్లమచ్చలు వస్తే మిగిలిన మూడింటి డబ్బు తిరిగి వస్తుందా అని అడిగి చూడండి. ఏ సారికి ఆ సారి కట్టడమే క్షేమం.

యంత్రం ఉన్న ప్రతి చోటా డాక్టరు ఉంటాడనుకోకూడదు. బోర్డు మీద చర్మవ్యాధుల ఎం.డి. గానీ, ఆ విభాగంలో డిప్లొమా గానీ ఉన్న డాక్టరు పేరు, వైద్యమండలి రిజిస్ట్రేషను నంబరు ఉన్నాయో లేదో చూడాలి. కిరణం పెట్టేది ఆ డాక్టరేనా, మరొకరా అని అడగాలి. మన రంగు ముఖాలకు చేసిన ఫొటోలు చూపించమనాలి. విదేశీయుల ముఖాలు మనకు లెక్కకు రావు. గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. అసలు లేజరు అవసరమా కాదా అన్నది ముందు అక్కడ చూపించుకుని తేల్చుకుంటే, తర్వాత ఎక్కడ చేయించుకున్నా తెలిసి చేయించుకున్నట్టవుతుంది.

కల్లంలో అడిగిన ఆ తల్లి మరుసటి వారం కూతుర్ని వెంటబెట్టుకుని ఒక డాక్టరు దగ్గరకు వెళ్లింది. సంచిలో రెండు ట్యూబులు. ఒకటి రెండేళ్లుగా పిల్ల ముఖానికి రాస్తున్నది. తల్లికి కూడా తెలియదట. డాక్టరు దాన్ని చూసి, పెళ్లికి ముందు లేజరు మాటే వద్దన్నారు. నలుగు పెట్టేటప్పుడు ముఖానికి పసుపు తాకనివ్వద్దని, ఈ ట్యూబును ఎలా తగ్గించుకుంటూ రావాలో కాగితం మీద రాసిచ్చి అలాగే చేయమని, వర్షాలు పడ్డాక ఒకసారి వచ్చి కనబడమని చెప్పి పంపారు.

"పెళ్లికొడుకు వాళ్లకేమని చెప్పను?" అంది తల్లి, బస్సు దిగి ఇంటికి వస్తూ.

"ఏం చెబుతావమ్మా, చూసేగా ఒప్పుకున్నారు" అంది ఆ పిల్ల.

మిరపకాయల డబ్బు మాత్రం ఇంట్లోనే ఉంది. అందులోంచి ఒక గొడుగు, ఎండ క్రీము సీసా ఒకటి కొన్నారు.